లాగ్‌బుక్ నిండింది, పని ఏది?

భీమవరం, తణుకు, అమలాపురం, కాకినాడ... డెల్టాలో ఏ డిగ్రీ కాలేజీ చూసినా చివరి ఏడాది పిల్లలకు ఒకటే మందు. యాభై, అరవై గంటల ట్రైనింగ్. పొద్దున ఆప్టిట్యూడ్, మధ్యాహ్నం సాఫ్ట్ స్కిల్స్, ఆఖరి రోజు రెజ్యూమె, మాక్ ఇంటర్వ్యూ, గ్రూప్ ఫొటో. ఆర్నెల్లు తిరిగాక నిజం ఇంటర్వ్యూలో "నువ్వు చేసిన పని ఒకటి చెప్పు" అంటే కుర్రాడికి నోరు పెగలదు. ఇంగ్లిష్ రాలేదని అందరూ అనుకుంటారు. తెలుగులో అడిగినా అదే మౌనం. చెప్పడానికి చేసిన పని లేదు, అదీ సంగతి.

ఆ పని చేయించడానికి సమయం లేదనడానికి వీల్లేదు. 2020-21లో రాష్ట్ర ఉన్నత విద్యా మండలి డిగ్రీ పాఠ్య ప్రణాళికను సవరించినప్పుడు అందులో పది నెలల పని అనుభవాన్ని తప్పనిసరి చేసింది. మొదటి ఏడాది అయ్యాక రెండు నెలల కమ్యూనిటీ సర్వీస్ ప్రాజెక్టు. రెండో ఏడాది అయ్యాక రెండు నెలల ఇంటర్న్‌షిప్. మూడో ఏడాదిలో ఐదో సెమిస్టరో ఆరో సెమిస్టరో మొత్తం ఇంటర్న్‌షిప్ లేదా అప్రెంటిస్‌షిప్. 2023-24లో ఒకే ప్రధాన సబ్జెక్టు ఉండే సింగిల్ మేజర్ విధానం వచ్చి పేపర్ల పేర్లూ అమరికా మారినా ఇంటర్న్‌షిప్ అనే ఆలోచన మారలేదు. రాజమహేంద్రవరంలో 2006లో పుట్టిన ఆదికవి నన్నయ విశ్వవిద్యాలయం కింది కాలేజీలకు ఇది కొత్త మాట కాదు. అరవై గంటల ట్రైనింగ్ కోసం కిందామీదా పడుతున్నవాళ్ల చేతిలోనే పది నెలలు ఉన్నాయి. అవి ఎక్కడ ఆవిరవుతున్నాయో చూడాలి.

చిల్లు ఎక్కడుంది

సాధారణంగా జరిగేది ఇది. కాలేజీ ఒక సంస్థతో ఎంవోయూ (అవగాహన ఒప్పందం) రాసుకుంటుంది. ఆ కాగితం కాలేజీలకు గ్రేడు ఇచ్చే న్యాక్ కోసం పెట్టిన ఫైల్లోకి పోతుంది. అందులో "విద్యార్థులకు పరిశ్రమ పరిజ్ఞానం అందించుట" అని ఉంటుంది తప్ప ఎవరు ఏ పని చేయాలో ఉండదు. మే నెలలో పిల్లలు వెళ్తారు. మేనేజరుకు వాళ్లతో ఏం చేయించాలో తెలియదు. మొదటి వారం కూర్చోబెడతాడు, రెండో వారం జిరాక్సులు తీయిస్తాడు, మూడో వారం నుంచి "రోజూ రానక్కర్లేదులే, సంతకం పెట్టేస్తాను" అంటాడు. అతన్ని తప్పుపట్టలేం. పని నేర్పించాలంటే తన మనిషిని ఒకణ్ణి రోజుకు గంటసేపు కేటాయించాలి, ఆ మనిషి జీతం తనే ఇవ్వాలి, నేర్చుకున్న పిల్లాడు రెండు నెలలకు వెళ్లిపోతాడు.

ఈ లోపల ఇంకో దారి తెరుచుకుంటుంది. కొన్ని వందలు కడితే ఆన్‌లైన్‌లో ఇంటర్న్‌షిప్ సర్టిఫికెట్ వస్తుంది. ప్రాజెక్టు రిపోర్టు కిందటేడాది సీనియర్ దగ్గర దొరుకుతుంది. లాగ్‌బుక్కులో అరవై రోజుల ఎంట్రీలు ఒకే రాత్రి, ఒకే పెన్నుతో పడతాయి. దిద్దేవాళ్లకూ తెలుసు. కానీ అరవై మందికి ఒక గైడు ఉన్నచోట ఎవరి రిపోర్టు ఎవరు చదువుతారు?

చిల్లు పూడ్చాల్సింది ఎంవోయూ దగ్గర కాదు, దానికి ముందు. పిల్లాడు వెళ్లకముందే, అతను తిరిగొచ్చేటప్పుడు చేతిలో ఏ వస్తువు ఉండాలో కాలేజీ, సంస్థ కూర్చుని ఒక పేజీలో రాసుకోవాలి. అది ఒక డేటా షీటు కావచ్చు, ఒక రిజిస్టరు కావచ్చు, ఒక కేటలాగు కావచ్చు. "నేర్చుకుంటాడు", "అవగాహన పొందుతాడు" అనే మాటలు అందులో ఉండకూడదు. లెక్కపెట్టగలిగేది, తప్పయితే తప్పని తేల్చగలిగేది మాత్రమే ఉండాలి. ఆ ఒక్క పేజీ ఉంటే మేనేజరుకు సగం బరువు తగ్గుతుంది, ఎందుకంటే ఏం చేయించాలో ఆలోచించే పని అతనికి తప్పుతుంది.

రొయ్యల చెరువు, కెమిస్ట్రీ పిల్లాడు

ఆ పేజీ ఎలా ఉంటుందో ఒక ఉదాహరణ తీసుకుని పూర్తిగా చూద్దాం. బీఎస్సీ కెమిస్ట్రీ. ఈడీటీఏ అనే రసాయనాన్ని చుక్కచుక్కగా వేసి నీటి కాఠిన్యం కొలిచే టైట్రేషన్ ప్రతి విద్యార్థీ ల్యాబులో చేసే ఉంటాడు. ఎరియోక్రోమ్ బ్లాక్-టీ అనే సూచిక వేస్తే ద్రాక్షరంగు, ఈడీటీఏ పడేకొద్దీ నీలం. ఉండి, ఆకివీడు, భీమవరం చుట్టుపక్కల ఆక్వా ల్యాబుల్లో రోజూ జరిగేదీ ఇదే టైట్రేషన్. తేడా ఏమిటంటే కాలేజీలో జవాబు ముందే తెలుసు. ల్యాబులో జవాబును బట్టి రైతు చెరువులో బస్తాల లెక్కన సున్నం, మినరల్స్ చల్లుతాడు.

ఎనిమిది వారాలకు పని ఇలా రాసుకోవచ్చు: నాలుగు చెరువులు, ముప్పై రోజులు, రోజుకు రెండుసార్లు, అంటే 240 వరుసల డేటా. ప్రతి వరుసలో తేదీ, వేళ, డీవో (నీటిలో కరిగిన ఆక్సిజన్), పీహెచ్, ఉప్పదనం, క్షారత, మొత్తం అమ్మోనియా. ప్రతి పదో శాంపిల్‌ను రెండోసారి చేయాలి, అలా 24 డూప్లికేట్లు. రెండు రీడింగులకూ డీవోలో 0.2 పీపీఎం (లీటరుకు మిల్లీగ్రాములు) మించి తేడా వస్తే మూడోసారి చేసి, కారణం రాయాలి. మొదటి రెండు వారాలు పద్ధతులు పట్టుబడటానికి, చివరి పన్నెండు రోజులు డేటా సర్దడానికి, రాయడానికి. ముప్పై రోజుల లెక్క ఈ మధ్యలో పడుతుంది.

తప్పులు ఎక్కడ దొర్లుతాయో కూడా అదే పేజీలో ఉండాలి. డీవో సీసాలో చిన్న గాలిబుడగ మిగిలినా రీడింగ్ మారిపోతుంది. మాంగనస్ సల్ఫేటు, ఆల్కలీ అయొడైడ్ చెరువు గట్టు మీదే వేసి ఆక్సిజన్‌ను బిగించాలి. అలా చేయకుండా సీసాను బండి డిక్కీలో పెట్టుకుని ల్యాబుకు తెస్తే దారిపొడవునా ఆ నీళ్లలోని సూక్ష్మజీవులు ఆక్సిజన్ తాగేస్తూనే ఉంటాయి. డీవో టైట్రేషన్‌లో 200 మిల్లీలీటర్ల శాంపిల్‌కు 0.025 నార్మల్ గాఢత ఉన్న థయోసల్ఫేటు వాడితే ఖర్చయిన ప్రతి మిల్లీలీటరూ ఒక పీపీఎం. లెక్క సులువే గానీ ద్రావణం నాలుగు రోజులు బెంచీ మీద ఉండి పాడైతే ఆ సులువు కాస్తా బోల్తా కొడుతుంది. అందుకే దాన్ని ఎప్పటికప్పుడు స్టాండర్డైజ్ చేయాలి, అంటే దాని గాఢత సరిచూసుకోవాలి.

వేళ అన్నిటికన్నా ముఖ్యం. పగలు నీటిలోని నాచు ఆక్సిజన్ తయారుచేస్తుంది, రాత్రి అదే నాచు వాడుకుంటుంది. కాబట్టి డీవో అడుగంటేది తెల్లవారుజామున, పీహెచ్ ఎక్కేది మధ్యాహ్నం మూడింటికి. పదకొండు గంటలకు తీసిన శాంపిల్‌లో డీవో 7 ఉందని రిపోర్టు ఇస్తే, తెల్లారేసరికి ఆక్సిజన్ చాలక రొయ్య గట్టు పట్టిందని రైతు వచ్చి నిలదీస్తాడు. ఇద్దరూ అబద్ధం ఆడలేదు. అమ్మోనియా సంగతీ అంతే. మొత్తం అమ్మోనియాలో రొయ్యను చంపేది అయనీకరణ చెందని భాగం. 28 డిగ్రీల దగ్గర పీహెచ్ 8 ఉంటే అది సుమారు 7 శాతం, పీహెచ్ 9కి చేరితే సుమారు 40 శాతం. అదే అమ్మోనియా అంకె పొద్దున ఫరవాలేదు, మధ్యాహ్నం ప్రమాదం. ఇది అర్థమైన పిల్లాడు ఇంటర్వ్యూలో గుటకలు మింగడు.

తెల్లవారుజామున చెరువు గట్టు మీదికి ఆడపిల్లల్ని ఒంటరిగా పంపడం కుదరదు, పంపకూడదు కూడా. ఆ రీడింగ్ రైతు తన మీటరుతో తీసి ఫొటో పంపే ఏర్పాటు చేసుకోవచ్చు. అప్పుడు ఆ మీటరును వారానికొకసారి టైట్రేషన్‌తో పోల్చి సరిచూడటం అమ్మాయి పని. నిజానికి అది ఇంకా పై స్థాయి పని.

ముగింపులో రెండు కాగితాలు రావాలి. ఒకటి తెలుగులో, రైతుకు అరపేజీ: ఏ చెరువులో ఏ వేళ ఏరేటరు (నీటిలోకి గాలి కలిపే యంత్రం) వేయాలి, ఎందుకు. ఇంకొకటి ఇంగ్లిష్‌లో, ల్యాబ్ మేనేజరుకు ఒక పేజీ, ఒక గ్రాఫుతో. ఒకే విషయాన్ని ఇద్దరికి రెండు రకాలుగా చెప్పగలగడమే కమ్యూనికేషన్ స్కిల్. దానికి వేరే ట్రైనరు అక్కర్లేదు.

బీకాం: రైస్ మిల్లు లెక్క

అనపర్తి, బిక్కవోలు, తణుకు, పాలకొల్లు వైపు బీకాం పిల్లలకు రైస్ మిల్లును మించిన పాఠశాల లేదు. ట్యాలీ అనే అకౌంట్ల సాఫ్ట్‌వేర్‌లో వోచర్లు కొట్టడం రెండు రోజుల పని. మిల్లులో దానికి వెనకున్న లెక్క తెలుస్తుంది. ప్రభుత్వానికి ధాన్యం ఆడించి ఇచ్చేటప్పుడు పచ్చి బియ్యానికి దిగుబడి 67 శాతం, ఉప్పుడు బియ్యానికి 68 శాతం. 40 కిలోల బస్తాలు 1,200 వస్తే 480 క్వింటాళ్లు, అంటే తిరిగి ఇవ్వాల్సిన పచ్చి బియ్యం 321.6 క్వింటాళ్లు. ధాన్యంలో తేమ 17 శాతానికి మించితే కొనుగోలు దగ్గరే పేచీ మొదలవుతుంది. వచ్చిన బస్తా, తేమ, ఆడిన తేదీ, వచ్చిన బియ్యం, నూక, తవుడు, ఊక... వీటన్నిటినీ ఒక నెలపాటు ఒకే షీటులో నడిపి, రిజిస్టరుతో సరిపోల్చి, తేడా ఎక్కడొచ్చిందో పట్టుకోవడం పిల్లాడి పని.

జీఎస్టీ కూడా ఇక్కడ ప్రాణం పోసుకుంటుంది. 2022 జులై 18 నుంచి ముందే ప్యాక్ చేసి లేబుల్ వేసిన బియ్యం 25 కిలోలు, అంతకు లోపు సంచికి 5 శాతం పన్ను. మన కిరాణా కొట్లలో 26 కిలోల బస్తాలు ఎందుకు ప్రత్యక్షమయ్యాయో ఇప్పుడు తెలిసిందిగా! అదే మిల్లు 10 కిలోల సంచులూ అమ్ముతుంది, 26 కిలోల బస్తాలూ అమ్ముతుంది. మొదటిదానికి టాక్స్ ఇన్వాయిస్, రెండోదానికి పన్ను లేని బిల్ ఆఫ్ సప్లై. కొన్న స్పేర్ పార్టుల మీద కట్టిన పన్నులో ఎంత వాపసు తీసుకోవచ్చు, పన్నులేని అమ్మకాల మేరకు ఎంత వదులుకోవాలి అన్నది నిష్పత్తి లెక్క. నెలనెలా రిటర్ను వేసే మిల్లయితే అమ్మకాల వివరాలిచ్చే జీఎస్టీఆర్-1 గడువు మరుసటి నెల 11, పన్ను సారాంశం ఇచ్చే జీఎస్టీఆర్-3బీ గడువు 20. పాఠ్యపుస్తకంలో అరపేజీ చదివి మరిచిపోయే పిల్లాడు ఇక్కడ ఒక్క నెల లెక్క వేస్తే జన్మలో మరవడు.

ఎక్సెల్‌లో పిల్లలు పడే గోతులు చాలావరకు ఒకే చోట ఉంటాయి. తేదీలు. కంప్యూటరు అమెరికా పద్ధతిలో ఉంటే 03/04 అని కొట్టగానే అది మార్చి 4 అవుతుంది. 13/04 అని కొడితే తేదీగా గుర్తించక అక్షరాలుగా వదిలేస్తుంది. సగం వరుసలు తప్పు నెలలోకి పోతాయి, సగం ఏ నెలలోకీ చేరవు. మొత్తం మాత్రం సరిగ్గానే కనిపిస్తుంది. నెలవారీ పైవట్ (మొత్తాల పట్టిక) వేస్తే తప్ప తప్పు బయటపడదు. ఫిల్టరు, సమ్‌ఇఫ్స్, లుకప్, పైవట్ - ఈ నాలుగూ 500 వరుసల అసలు డేటా మీద, అందులో ఇలాంటి తప్పులు కావాలనే పెట్టి, పన్నెండు గంటలు చేయిస్తే చాలు. ఇంటర్న్‌షిప్‌కు పంపేముందు కాలేజీ ఇవ్వాల్సిన ముందస్తు శిక్షణ ఇదే.

మిగతా కోర్సులు

కడియం నర్సరీల్లో బోటనీ పిల్లలకు పని వెతకనక్కర్లేదు. నర్సరీవాళ్లు మొక్కను వ్యాపార పేరుతో పిలుస్తారు, బయటి రాష్ట్రాల కొనుగోలుదారు వేరే పేరుతో అడుగుతాడు, శాస్త్రీయ నామం మూడోది. మూడింటినీ జతచేసి, ఫొటో, కవరు సైజు, ఎత్తు, ఉన్న సంఖ్యతో 150 రకాల స్టాక్ జాబితా తయారుచేస్తే నర్సరీకి మర్నాటి నుంచే పనికొస్తుంది.

కష్టమైనది బీఏ. అక్కడ పని దొరకదు, తయారుచేసుకోవాలి. నరసాపురం క్రోషే లేసు, ఉప్పాడ జాంధానీ, ఆత్రేయపురం పూతరేకులు - మూడింటికీ భౌగోళిక గుర్తింపు ఉంది, కానీ చిన్న తయారీదారుల్లో చాలామందికి సరైన వస్తు వివరణ పత్రం ఉండదు. కొలత, బరువు, నూలు రకం, ఉతికే తీరు, తయారీకి పట్టే రోజులు, ధర తెలుగులోనూ ఇంగ్లిష్‌లోనూ రాసి, నలభై వస్తువుల కేటలాగు చేయడం చరిత్ర, ఇంగ్లిష్ పిల్లలకు సరిపోయే పని. ఉద్యోగం వెంటనే వస్తుందని చెప్పలేం. రాసిన కాగితం మాత్రం చేతిలో ఉంటుంది.

మొదటి ఏడాది కమ్యూనిటీ ప్రాజెక్టుకు కనీసం 180 గంటలు కేటాయించారు. అది ఎక్కువగా "గ్రామ సమస్యలు - పరిష్కారాలు" అనే పది పేజీల వ్యాసంగా తేలిపోతుంది. దాన్ని కుదించాలి. ఉదాహరణకు యనమదుర్రు డ్రైన్ పక్కనున్న ఒక ఊరు, నలభై ఇళ్లు, పన్నెండు ప్రశ్నలు, ఒక టీడీఎస్ మీటరు (నీటిలో కరిగిన లవణాలు కొలిచేది). తాగునీటిలో కరిగిన లవణాలకు భారత ప్రమాణం లీటరుకు 500 మిల్లీగ్రాములు, వేరే దిక్కు లేనప్పుడు 2,000 దాకా సరిపెట్టుకోవచ్చు. ఏ ఇంటి బోరు ఎక్కడుందో మ్యాపు మీద గుర్తుపెట్టి పంచాయతీకి ఇస్తే అది సర్వే. మిగిలినదంతా కాగితం ఖర్చు.

పంట క్యాలెండరు, కాలేజీ క్యాలెండరు

విశ్వవిద్యాలయాలు దాదాపు ఎప్పుడూ పట్టించుకోనిది ఇదే. సార్వా ధాన్యం మిల్లులకు చేరేది నవంబరు, డిసెంబరుల్లో. దాళ్వా ధాన్యం ఏప్రిల్, మేల్లో. కాబట్టి మిల్లుకు వేసవి ఇంటర్న్‌షిప్ బాగానే కుదురుతుంది, ఆగస్టులో పంపితే గోడౌను కాపలా తప్ప ఏమీ ఉండదు. ఆడిటర్ల ఆఫీసులకు సెప్టెంబరు నెలాఖరు టాక్స్ ఆడిట్ గడువు, మార్చి ముగింపు. అంటే ఐదో సెమిస్టరైనా ఆరో సెమిస్టరైనా పని ఉంటుంది, కానీ మేలో రెండు నెలలకు పంపితే ఖాళీ. రొయ్యల ప్రాసెసింగ్ ప్లాంట్లకు పట్టుబడి ముమ్మరంగా ఉన్నప్పుడు మనుషులు కావాలి గానీ, అప్పుడే శిక్షణ ఇచ్చే తీరిక వాళ్లకు ఉండదు. వాళ్ల దగ్గరికి పట్టుబడికి మూడు వారాల ముందు చేరాలి. లోపలికి వెళ్లాలంటే వైద్య పరీక్ష, చేతుల శుభ్రత, గోళ్లు, నగలు, తలకు టోపీ దగ్గర్నుంచి నిబంధనలుంటాయి. ఇవి ముందే తెలియక మొదటి రోజే గేటు బయట నిలబడిన పిల్లలు తిరిగి ఆ వైపు వెళ్లరు.

ఇంకొకటి బస్సు. లంక గ్రామాల నుంచి, కోనసీమ లోపలి ఊళ్ల నుంచి వచ్చే పిల్లలకు ఇంటర్న్‌షిప్ చోటు కాలేజీకి దగ్గరగా ఉండి ఇంటికి దూరమైతే లాభం లేదు. సాయంత్రం ఆఖరి బస్సు ఎన్నింటికో చూసి, బస్సు రూటు వారీగా సంస్థల జాబితా చేస్తే సగం డ్రాపవుట్లు ఆగుతాయి. చిన్న విషయంలా కనిపిస్తుంది, అమ్మాయిల విషయంలో ఇదే పెద్ద విషయం.

గైడు వెళ్లి చూడాల్సింది రెండో వారంలో. ఎనిమిదో వారంలో వెళ్తే పూలదండ, ఫొటో. రెండో వారంలో వెళ్తే పిల్లాడు జిరాక్సు మెషీను దగ్గర ఉన్నాడో, బ్యూరెట్టు దగ్గర ఉన్నాడో కనిపిస్తుంది, సరిదిద్దడానికి ఆరు వారాలు మిగులుతాయి. ఒక గైడుకు పన్నెండు మందికి మించి ఇవ్వకుండా, ఆ పన్నెండు మందీ ఒకే రకం పనిలో ఉండేలా చూస్తే ఒక రోజు తిరుగుడుతో అయిపోతుంది.

మార్కులు, మాట

లాగ్‌బుక్కుకు ఎక్కువ మార్కులు పెడితే లాగ్‌బుక్కే తయారవుతుంది. నూటికి నలభై పని వస్తువుకు, నలభై దాని మీద వైవాకు, పదిహేను సంస్థ అభిప్రాయానికి, ఐదు లాగ్‌బుక్కుకు ఇవ్వడం సబబు. వైవాలో ఐదు ప్రశ్నలు చాలు: ఏం కొలిచావు, ఎందుకు, ఎక్కడ తప్పు జరిగింది, తప్పని నీకెలా తెలిసింది, తర్వాత ఏం మార్చావు. మూడో ప్రశ్నకు "ఏ తప్పూ జరగలేదు" అన్నవాడు పని చేయలేదు.

2021-22 నుంచి రాష్ట్రంలో డిగ్రీ అంతా ఇంగ్లిష్ మీడియం. తెలుగు మీడియంలో ఇంటర్ చదివిన పిల్ల మొదటిరోజు నుంచే ఇంగ్లిష్‌లో మాట్లాడాలని పట్టుబడితే ఆలోచించడం మానేసి బట్టీ పడుతుంది. ముందు తన పనిని తెలుగులో తొంభై సెకన్లలో చెప్పించి ఫోన్లో రికార్డు చేయండి. అందులో అక్కర్లేనిది తీసేసి అరవై సెకన్లకు దించండి. ఆ తర్వాతే ఇంగ్లిష్. వాక్యం కుదరకపోయినా విషయం తన చేతిదే కాబట్టి తడబడినా ఆగిపోదు. వారానికి రెండుసార్లు, పన్నెండు వారాలు చేస్తే తేడా చెవికి వినిపిస్తుంది. ఆప్టిట్యూడ్ రోజుకు ఇరవై నిమిషాలు రెండో ఏడాది నుంచే సాగాలి. దాని గురించి ఇంతకుమించి చెప్పేదేమీ లేదు.

జీతంతో కూడిన సెమిస్టరు

ఆఖరి సెమిస్టరును మామూలు ఇంటర్న్‌షిప్‌గా కాకుండా అప్రెంటిస్‌షిప్‌గా మార్చుకోవచ్చని చాలా కాలేజీలకు తెలిసినా వాడుకునేవి తక్కువ. అప్రెంటిస్‌షిప్ చట్టం 1961 నాటిది. 2019 సవరణ తర్వాత ముప్పై మంది, అంతకుమించి సిబ్బంది ఉన్న సంస్థ మొత్తం బలంలో 2.5 నుంచి 15 శాతం వరకు అప్రెంటిస్‌లను తీసుకోవాలి. నలుగురి నుంచి ఇరవై తొమ్మిది మంది ఉన్నచోట ఇష్టమైతే తీసుకోవచ్చు. డెల్టాలో హేచరీలు, ల్యాబులు, చిన్న మిల్లులు చాలావరకు ఈ రెండో రకంలోకి వస్తాయి. అవి మాకు వర్తించదని అనుకుంటాయి. వర్తిస్తుంది, తప్పనిసరి కాదంతే. 2019 నిబంధనలు డిగ్రీ స్థాయి అప్రెంటిస్‌కు నెలకు కనీసం 9,000 రూపాయల స్టైపెండ్ నిర్ణయించాయి. జాతీయ అప్రెంటిస్‌షిప్ శిక్షణ పథకం కింద నమోదైతే కనీస మొత్తంలో సగం కేంద్రం భరిస్తుంది. నలుగురు పనిచేసే ల్యాబు యజమానికి ఈ లెక్క కాగితం మీద వేసి చూపిస్తే మాట వేరుగా ఉంటుంది.

ఇందుకు కాలేజీ, సంస్థ రెండూ ఆ పథకం పోర్టల్లో నమోదు కావాలి, ఒప్పందం సెమిస్టరు మొదలవకముందే పూర్తవ్వాలి. ఎక్కువగా బెడిసికొట్టేది విద్యార్థి బ్యాంకు ఖాతా ఆధార్‌తో అనుసంధానం కాకపోవడం, పదో తరగతి సర్టిఫికెట్‌లో ఒక పేరు, ఆధార్‌లో ఇంకో పేరు ఉండటం. ఇంటిపేరు ముందా వెనకా అన్న తేడాతోనే స్టైపెండ్ నెలల తరబడి ఆగుతుంది. ఈ పేర్లు సరిచూసే పని ఐదో సెమిస్టరులో కాదు, చేరిన ఏడాదే, అడ్మిషన్ కౌంటరు దగ్గరే పెట్టుకోవాలి.